ఏడో తొట్టె పిల్లలు

మొదటిరోజే నన్ను మూడుసార్లు గుమ్మం బయటికి పంపింది ఆమె. ఒకసారి కాళ్ళకి కవర్లు వేసుకోలేదని, రెండోసారి తుమ్మానని, మూడోసారి నా మొహంలో గౌరవం కనిపించలేదని. లోపల ఏ మహారాజులో ఉన్నారనుకునేరు. ఎలుకలు.

మా ల్యాబ్‌లో ఎలుకల గదికి ఆమే ఇన్‌ఛార్జి. ఇరవై ఏడేళ్ళుంటాయి. సోడాబుడ్డి కళ్ళద్దాలు, ముక్కుసూటి మాట. అందరూ వెనకాల పోలీసమ్మ అంటారు. నేను మైక్రోస్కోప్ మనిషిని కాబట్టి నాకు భూతద్దం అని ఆమె పేరు పెట్టింది, అదీ నా మొహం మీదే.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకి ప్రాణం పోసే ఆక్సిజనే ఒక్కోసారి కంటికి చేటు చేస్తుంది. కంటి వెనక ఉండే పొరలో రక్తనాళాలు అంచుదాకా పాకకుండా మధ్యలోనే ఆగిపోతాయి. అందరికీ కాదు, కొందరికే. ఎందుకు కొందరికే అన్నది మా ల్యాబ్ నడిపే మేడమ్ పట్టుకున్న ప్రశ్న.

దానికోసం రెండు జాతుల ఎలుకలు తెచ్చారు, తెల్లవి, గోధుమరంగువి. అప్పుడే పుట్టిన పిల్లల్ని తల్లితో సహా ఒక్కో తొట్టెలో ఉంచి, ఆ తొట్టెల్ని ఆక్సిజన్ పెట్టెలో పెట్టి కనిపెట్టుకుని ఉండడం ఆమె పని. తర్వాత ఆ కంటిపొరల్ని స్లైడు మీద పరిచి, రక్తనాళాలు లేని ఖాళీ ఎంతుందో కొలవడం నా పని. ఏది ఏ జాతిదో నాకు తెలియకూడదు. తెలిస్తే చెయ్యి అటు మొగ్గుతుందని మేడమ్ భయం. అందుకని స్లైడు మీద తొట్టె నంబరు, పిల్ల నంబరు మాత్రమే ఉంటాయి. మిగతా గుట్టంతా ఆమె రాసి సీలు వేసిన కవర్లో, మేడమ్ బీరువాలో ఉంది.

ఆరు తొట్టెలు హాయిగా అయిపోయాయి. ఏడోదానితో వచ్చింది తంటా. ఎనిమిది పిల్లల్లో నాలుగింటి కళ్ళు శుభ్రంగా ఉన్నాయి, నాలుగింటికి సగం పొర బోడిగా ఉంది. ఒక తొట్టె అంటే ఒక తల్లి పిల్లలు కదా, ఇలా రెండు జట్లుగా ఎందుకు చీలతాయి? ఎనిమిది, తొమ్మిది, పది కూడా దాదాపు అంతే. పోలీసమ్మ పిల్లల్ని కలగాపులగం చేసేసిందని తేల్చేశాను. నిజం చెప్పొద్దూ, లోలోపల కాస్త సంతోషం కూడా వేసింది.

సోమవారం మీటింగులో పన్నెండుమంది ముందు ఆ మాటే అన్నాను. ఆ నాలుగు తొట్టెల స్లైడ్లు పక్కన పడేద్దామన్నాను. అంటే ముప్ఫై రెండు పిల్లల ప్రాణం, ఆమె మూడు నెలల కష్టం చెత్తబుట్టలోకి.

ఆమె మొహం ఎర్రబడింది. ఏదో అనబోయి ఆగి, నన్నే అడిగింది.

"మీ లెక్క పూర్తయిందా?"

"ఇంకా సగం ఉంది."

"పూర్తి చెయ్యండి. ఆ నాలుగు తొట్టెలతో సహా. కవరు తెరిచిన రోజు తప్పు నాదని తేలితే అందరిముందు ఒప్పుకుంటాను. మీదని తేలితే?"

"మీరేం చెయ్యమంటే అది."

మేడమ్ కాగితాలు సర్దుకుంటూ, లెక్క పూర్తి చెయ్యి బాబూ అంది, అంతే. ఇక పదకొండు రోజులు ల్యాబంతా గుసగుసలు. ఎలుకలకి నంబర్లు వెయ్యడం కూడా రాదట అని ఒకరు, ఆ అద్దాలతో ఏం కనిపిస్తుందిలే అని ఇంకొకరు. ఆమె వినీ విననట్టు ఆక్సిజన్ మీటరు రీడింగులు రాసుకునేది. ఆ అద్దాల మాట మాత్రం నన్నెందుకో ములుకులా గుచ్చుకుంది.

ఎనిమిదో రోజు సాయంత్రం వాన పట్టుకుంది. గేటు పక్క రేకుల కింద ఆమె అద్దాలు తుడుచుకుంటూ నిలబడింది. తుడిచేకొద్దీ తడుస్తున్నాయి. వానొస్తే ఆమెకి సగం లోకం చెరిగిపోతుందని అప్పుడే తెలిసింది. గొడుగు పట్టాను. వద్దనలేదు.

బస్సు వచ్చేదాకా తనే చెప్పింది. ఆమె, వాళ్ళక్క కవలలు, పోలికలు మాత్రం వేరు. ఏడో నెలలోనే పుట్టారట. పక్కపక్క పెట్టెల్లో ఉంచి ఇద్దరికీ ఒకేలా ఆక్సిజన్ ఇచ్చారు. అక్క ఇప్పటికీ సూదిలో దారం గురి తప్పకుండా ఎక్కిస్తుంది. ఈమెకి ఎడమకన్ను ఉన్నా లేనట్టే.

"పెద్దదానికి ముందు పాలిచ్చి నిన్ను సరిగ్గా చూసుకోలేదే, అందుకే నీకిలా అయింది అంటుంది అమ్మ. చుట్టాలు ఎప్పుడో అన్న మాట అది. ఇరవై ఏడేళ్ళుగా మోస్తోంది."

ఆమె ఎలుకల గదిలో ఎందుకుందో అప్పుడు అర్థమైంది నాకు. తొట్టెలు నిజంగానే కలిసిపోయి ఉంటే ఆమె ప్రశ్నకి జవాబు పోయినట్టే.

"ఆ నాలుగు తొట్టెల్లో ఏం జరిగిందో ఇప్పుడైనా చెప్పండి. నేనెవరికీ చెప్పను."

"లెక్క చెడగొట్టకండి, చాలు," అని బస్సెక్కేసింది.

కవరు తెరిచే రోజుకి వాళ్ళమ్మ కూడా వచ్చింది. బట్టలు కుట్టే మనిషి, వేళ్ళ చివర్లు గరుకుగా ఉన్నాయి. చివరి వరసలో ఒదిగి కూర్చుంది.

మేడమ్ చదివింది. ఏడు నుంచి పది వరకు తొట్టెల్లో, పుట్టిన రోజే, సగం పిల్లల్ని కావాలనే మార్చారు. గోధుమ పిల్లల్ని తెల్ల తల్లికి, తెల్ల పిల్లల్ని గోధుమ తల్లికి ఇచ్చారు. పాలవల్లా, పెంపకంవల్లా, పుట్టుకవల్లా అని తేల్చడానికి ఆమె మేడమ్‌ని అడిగి మరీ చేసిన ఏర్పాటు అది. ఇప్పుడు నా లెక్క పక్కన పెట్టి చూశారు. ఎవరి దగ్గర పెరిగినా గోధుమ పిల్లల కళ్ళే దెబ్బతిన్నాయి, తెల్లవి నిలబడ్డాయి. ముప్ఫై రెండింటిలో ముప్ఫై ఒకటి అదే మాట చెప్పాయి. ఒక్కటి మాత్రం మొండికేసింది.

నాకు తల కొట్టేసినట్టయింది. లేచి, తప్పు నాదేనని అందరిముందు ఒప్పుకున్నాను. "ఒక్కమాట ముందే చెప్పుంటే ఇన్ని మాటలు పడేవారు కాదుగా," అన్నాను.

"చెబితే మీ చెయ్యి అటు మొగ్గేది. అప్పుడు ఆ లెక్కని ఎవరు నమ్ముతారు?"

పదకొండు రోజులు అన్నీ దిగమింగింది. నా లెక్క నిఖార్సుగా ఉండాలని. ఇలాంటి మనిషితో కలిసి పనిచేశానని నాకు ఒళ్ళంతా గర్వం పొంగింది.

చివరి వరసలోంచి వాళ్ళమ్మ లేచింది. "అంటే తల్లి మారినా కన్ను మారలేదా?"

"ఎలుకల్లో మారలేదమ్మా," అంది మేడమ్ జాగ్రత్తగా. "మనుషుల సంగతి ఇంకా చాలా తేలాలి. ఈ ఎలుకల్లో మాత్రం తప్పు పెంచిన తల్లిది కాదు."

ఆవిడ కూర్చుని, పక్కనున్నామె చెయ్యి పట్టుకుని, ఇదంతా మా చిన్నదే చేసింది అంది. తర్వాత అటుపక్క మనిషికీ చెప్పింది.

అందరూ వెళ్ళాక, నా శిక్షేమిటని అడిగాను. అమ్మకి ఏడో తొట్టె చూపించమంది. ఆవిణ్ణి మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టి స్లైడు పెట్టాను.

"ఇదెవరి పిల్ల బాబూ?"

"గోధుమదమ్మా. తెల్ల తల్లి పెంచింది."

"బాగా పెంచిందా?"

పెంపకం సంగతి నాకేం తెలుసు. ఆమే చెప్పింది. "చాలా బాగా పెంచిందమ్మా. ఒక్కరోజు కూడా బరువు తగ్గలేదు."

ఆవిడ కన్ను తియ్యకుండా అలాగే చూస్తూ ఉండిపోయింది.

నేను ఆమె వైపు తిరిగాను. "ఇంకో మాటుంది. చెప్పొచ్చా, కవర్లో పెట్టి సీలు వెయ్యాలా?"

"చెప్పండి. లెక్క అయిపోయిందిగా."

"మీరంటే నాకు ఇష్టం. మీతో బతకాలనుంది."

బయట వాన లేదు. అయినా ఆమె అద్దాలు తీసి తుడుచుకుంది. ఎంతసేపు తుడిచినా పెట్టుకోదే.

"నాకూ," అంది చివరికి, అద్దాలకేసి చూస్తూ.

"భూతద్దం అంటే ఇతనేనా?" అంది వాళ్ళమ్మ, తల తిప్పకుండానే. "పదకొండు రోజులు ఇంట్లో ఇతని గోలే. ఎనిమిదో తొట్టె కూడా పెట్టు నాయనా. ఇంటి మనిషివి, అన్నీ చూపించు."