పులిహోర ఫోటోకి కాపలా

ఏజెంట్ అమర్‌నాథ్‌కి ముప్పై తొమ్మిదేళ్లు, పైగా బొజ్జ. అయినా డిపార్ట్‌మెంట్ అతన్ని ఇంజనీరింగ్ స్టూడెంట్ వేషంలో ఖరగ్‌పూర్ పంపింది. వీపున బ్యాగు, చేతిలో సైకిలు, జేబులో కెమెరా పెన్ను. కాలేజీ పక్కన ప్రేమ్ బజార్‌లో టీ కొట్టు నడిపే తెలుగాయన అతన్ని ఎగాదిగా చూసి, "ఎన్నేళ్ల నుంచి తప్పుతున్నావేటి దాదా?" అన్నాడు. అంత గొప్ప వేషం మరి!

చెవిలో ఇయర్‌పీస్ గరగరలాడింది. చీఫ్ విఘ్నేశ్వర్.

"విదేశీ ముఠా ఒకటి ఇక్కడి రైల్వే సిగ్నల్ కంప్యూటర్లలోకి ఓ స్క్రిప్ట్ దూర్చింది. అది పావుగంటకోసారి ఒక వెబ్‌సైట్‌ని, 'ఫలానా ఫైల్ ఉందా?' అని అడుగుతుంది. ఉందంటే ఊరుకుంటుంది. లేదంటే యార్డులో సిగ్నళ్లన్నీ గ్రీన్. బండ్లు గుద్దుకుంటాయి."

"ఏ ఫైల్, సార్?"

"పులిహోర ఫోటో. తెలుగు సంఘం వనభోజనాలది."

"జోకా, సార్?"

"ఎవరికీ అనుమానం రాదనే దాన్ని ఎంచుకున్నారు. స్క్రిప్ట్‌ని వెతికి పీకడానికి సాయంత్రం దాకా పడుతుంది. అందాకా ఫోటో చెరగకూడదు. మీనాకుమారి తోడుంటుంది. ఓవర్."

మీనాకుమారి డిపార్ట్‌మెంట్ సైబర్ ఎక్స్‌పర్ట్. నల్ల కళ్లద్దాలు, హైహీల్స్, సెంటు ఘుమఘుమ. ఆమె వెంట ఉంటే అమర్‌నాథ్ మెదడు సెలవు పెట్టేస్తుంది.

ఇద్దరూ సుభాష్‌పల్లిలో గంగాభవాని ఇంటికి వెళ్లారు. రైల్వే ఆఫీసులో క్లర్కుగా రిటైరై, కంప్యూటర్ క్లాసులకెళ్లి సంఘం వెబ్‌సైట్ స్వయంగా కట్టుకున్న మనిషి ఆమె. భర్త నూకయ్య విశాఖలో కంటి ఆపరేషన్ చేయించుకుని, ఆ పూటే పన్నెండింటి బండికి వస్తున్నాడు.

అమర్‌నాథ్ ఫోటో మీద నిఘాకి తనూ ఒక స్క్రిప్ట్ రాశాడు. టెస్టింగ్‌కి బిర్యానీ ఫోటో ఉందా అని అడిగాడు. సంఘం సైట్‌లో బిర్యానీ ఏమిటి! అయినా సర్వర్ '200' అంది. అంటే 'ఉంది' అని.

"ఇదేం సర్వరండీ? లేనిదాన్ని కూడా ఉందంటోంది!"

"నానే అలా ఓ లైను రాసి పెట్టినాను బాబూ. మా ఇంట్లో బియ్యం అయిపోయినా 'నేవు' అని నోటితో అనం. గుమ్మంలోకొచ్చినోళ్లకి నేదని సెప్తామేటి? ఏది అడిగినా 'రండి, కూర్సోండి' అనే పేజీ వస్తాది."

అమర్‌నాథ్ పగలబడి నవ్వాడు. మీనాకుమారి పెదవి విరిచింది.

"అమెచ్యూర్ పని. ఆ లైను తీయించు, అమర్. లేకపోతే ఫోటో పోయినా, 'లేదు' అని చెప్పే '404' రాదు. మనకి తెలియదు."

"తీసేయండమ్మా," అన్నాడు అమర్‌నాథ్. గంగాభవాని చిన్నబోయిన ముఖంతో సర్వర్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆ లైను ఆపేసింది.

పదకొండూ నలభై ఎనిమిదికి అమర్‌నాథ్ వాచీ ఎర్రగా వెలిగింది. 404. ఫోటో లేదు! తిరిగి చూస్తే మీనాకుమారీ లేదు. ఫోటో మళ్లీ ఎక్కించే వీల్లేకుండా ఫైళ్ల పాస్‌వర్డ్ మార్చేసి మరీ వెళ్లింది.

"ఈ ఫోటో ఇదివరకే రెండుసార్లు పోయింది బాబూ," అంది గంగాభవాని. "నానే మళ్లీ ఎక్కించినాను. అప్పుడేటీ అవనేదు."

అమర్‌నాథ్‌కి అప్పుడర్థమైంది. అప్పుడేమీ కాకపోవడానికి కారణం ఆ లైనే. ఒకసారి దూర్చిన స్క్రిప్ట్‌ని మార్చడం ముఠాకి కుదరలేదు. అందుకే ముఠాతో చేతులు కలిపిన మీనాకుమారి ఆ లైను తీయించింది, అదీ అమర్‌నాథ్ నోటితోనే! ముఠా రెండుసార్లు పేల్చలేకపోయిన బాంబుకి ఈ మహానుభావుడు స్వయంగా వత్తి పెట్టాడు.

"సార్, బండ్లు ఆపించండి!"

"డ్రైవర్లందరికీ కబురు చేరాలంటే ఇరవై నిమిషాలు!" అని అరిచాడు చీఫ్.

పన్నెండు నిమిషాలే ఉన్నాయి. కెమెరా పెన్ను, లేజర్ వాచీ, టీషర్టు కింద బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్. ఒక్కటీ ఎందుకూ పనికిరాలేదు.

"అమ్మా, ఆ లైను మళ్లీ రాయగలరా?"

"రాయడమేటి? తీసీనేదు కదా! ముప్పైయేళ్లు రిజిస్టర్లు రాసినాను. తప్పైనా సెరపకూడదు, గీత కొట్టి వదిలీమనేవోరు. కంప్యూటర్ దాన్ని సదవకుండా ముందర సిన్న గుర్తెట్టినానంతే. అది తీసేస్తే సరి."

సెట్టింగుల పాస్‌వర్డ్ వేరు. దాన్ని మీనాకుమారి అడగనే లేదు. పనిమనిషికి పురమాయించినట్టు పని చెప్పించి ఊరుకుంది. గంగాభవాని సెట్టింగులు తెరవబోయింది. మొదటిసారి పాస్‌వర్డ్ తప్పు కొట్టింది. రెండోసారీ తప్పే. "మా మావ పన్నెండింటి బండిలోనే ఉన్నాడు బాబూ!" అని ఏడుస్తూనే మూడోసారి కొట్టింది. తలుపు తెరుచుకుంది. పన్నెండుకి రెండు సెకన్లుండగా ఆ గుర్తు చెరిగింది.

సరిగ్గా పన్నెండు. పులిహోర ఉందా అని స్క్రిప్ట్ అడిగింది. సర్వర్ 'రండి, కూర్చోండి' అంది. పైన మాత్రం 200. ఆ మొద్దు స్క్రిప్ట్ అంకె చూసి ఊరుకుంది. మూడు దేశాల ముఠా, డజను మంది మేధావులు! వచ్చింది ఫోటోనా కాదా అని చూసుకునే లైను ఒక్కటి రాసుకోలేదు. థూ!

ఫోన్ మోగింది. నూకయ్య. "ఒలే గంగా, మనూరి పూరీ గేట్ కాడ రెడ్ సిగ్నల్ ఇచ్చి బండి ఆపీసినారు. ఏటి ఖర్మో!"

"ఆగనీ మావా. ఎంతసేపైనా ఆగనీ," అంటూ ఆమె చెంగుతో కళ్లొత్తుకుంది.

మీనాకుమారి స్టేషన్‌లో పట్టుబడింది. అంత పొడుగు ప్లాట్‌ఫాం మీద హైహీల్స్‌తో ఎంత దూరం పరుగెడుతుంది?

మూడు నెలల తర్వాత అమర్‌నాథ్‌కి మెడల్ వచ్చింది. గంగాభవాని పేర ప్రశంసాపత్రం తమ సైట్‌లో పెట్టామని డిపార్ట్‌మెంట్ లింక్ పంపింది. ఆమె కళ్లద్దాలు సర్దుకుని నొక్కింది. 404.

"పాపం," అంది గంగాభవాని, "గుమ్మంలోకొచ్చినోళ్లతో ఎలా మాటాడాలో ఈళ్లకెవరూ నేర్పనేదు."