పదిహేడో పేజీ చెరపను

ఆ ఇంట్లో పొద్దున్న కాఫీ తాగే బల్లే తొమ్మిదయ్యేసరికి ఆఫీసు బల్ల అవుతుంది. కప్పులు ఓ పక్కకు జరుగుతాయి, లాప్‌టాప్‌లు తెరుచుకుంటాయి. అంతవరకూ మామగారిగా ఉన్న పెద్దాయన యజమాని అవుతాడు, కోడలు సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ అవుతుంది. ఆమె మొగుడు మాత్రం రెండు వేళలా ఆ ఇద్దరి మధ్యా నలిగేవాడే.

ఆ రోజు కప్పులు జరగలేదు. కాఫీ చల్లారిపోతున్నా ఎవరూ ముట్టుకోలేదు. పదకొండింటికి ఆస్పత్రివాళ్ళు వస్తున్నారు.

వీళ్ళ సాఫ్ట్‌వేర్ ఆ ఆస్పత్రి బ్లడ్ బ్యాంకులో నడుస్తుంది. ఏ గ్రూపు రక్తం ఎన్ని సంచులుందో చూపించేదీ అదే, ఫ్రిజ్ వేడెక్కితే అలారం మోగించేదీ అదే. రెండు పనులూ ఒకే సర్వర్ మీద. కిందటి వారం మిట్టమధ్యాహ్నం ఆ సర్వర్ ఆగిపోయింది. ఖర్మ కాలి ఫ్రిజ్ కూడా అప్పుడే మొరాయించింది. మూడు గంటలపాటు ఎవరికీ తెలియలేదు. నలభై మూడు సంచుల రక్తం పారబోశారు, రెండు ఆపరేషన్లు వాయిదా వేశారు. ఎవరి ప్రాణమూ పోలేదంటే అది అదృష్టమే గానీ వీళ్ళ గొప్పేమీ కాదు.

సాఫ్ట్‌వేర్‌ని ఇలా ఎందుకు తయారుచేశారో కాగితాల మీద చూపించమన్నారు ఆస్పత్రివాళ్ళు. గొడవంతా అక్కడే వచ్చింది. ఐదేళ్ళ కిందటివరకూ డిజైన్ అంతా పెద్దాయన తలలోనే ఉండేది. కోడలు వచ్చాక నిర్ణయాల పుస్తకమొకటి మొదలుపెట్టింది. ఒక్కో నిర్ణయానికి ఒక్కో పేజీ. ఏం అనుకున్నాం, ఎవరు నిర్ణయించారు, కారణమేమిటి. రాసిన పేజీని చెరపకూడదు. మనసు మారితే కొత్త పేజీ రాయాలి, పాతది పాతదిగానే ఉండాలి.

పదిహేడో పేజీలో ఇలా ఉంది. ప్రతిపాదన: అలారం వేరే మెషీన్ మీద పెట్టాలి. నిర్ణయం: అక్కర్లేదు. నిర్ణయించింది, అన్నచోట పెద్దాయన పేరు. కారణం: వద్దన్నారు.

"ఒక్క లైనేగా," అన్నాడు భర్త, లాప్‌టాప్ ఆమె ముందుకు జరుపుతూ. "అలాంటి ప్రతిపాదనే రాలేదని మార్చెయ్. అయిపోతుంది."

"వచ్చింది. నేనే తెచ్చాను. ఆ రోజు నువ్వు ఇదే కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నావు."

అతను తలొంచుకున్నాడు. వంటింటి గుమ్మంలోంచి అత్తగారు అందుకుంది. "పెద్దాయన పరువమ్మా అది. ఇంటి గుట్టు పరాయివాళ్ళ ముందు పరుస్తావా?"

"గుట్టేముంది అత్తయ్యా, అది ఆస్పత్రి ఫ్రిజ్."

పెద్దాయన కప్పు ఠపీమని బల్ల మీద పెట్టాడు. "ఇరవై ఎనిమిదేళ్ళ నుంచీ ఈ పనిలో ఉన్నాను. ఒక్క కాగితం లేకుండా పదకొండు ఆస్పత్రుల పని నడిపించాను. ఆ పేజీ ఉండాలో, ఈ ఆఫీసులో నువ్వుండాలో తేల్చుకో."

అంత మాట వస్తుందని ఆమె అనుకోలేదు. ఐదేళ్ళుగా ఇల్లూ ఉద్యోగమూ ఒకే ఇంటికప్పు కింద ఉన్న మనిషి, ఒకటి పోతే రెండోదీ మిగలదు. అయినా వెనక్కి తగ్గలేదు.

"పేజీ ఉంటుంది మామయ్యగారూ. నేను పోయినా ఉంటుంది. నన్ను తీసేస్తే అదీ కొత్త పేజీలో రాయించండి, కారణంతో సహా."

"కారణం!" పెద్దాయన లేచి నిలబడ్డాడు. "నా కారణం నువ్వు రాశావా? 'వద్దన్నారు' అట! నేనేదో మూర్ఖంగా తల అడ్డంగా ఊపినట్టు! నా మొట్టమొదటి ఆస్పత్రిలో రెండు మెషీన్లే పెట్టాను, తెలుసా? అలారానికి దాని థర్మామీటరు దానిది. లోపల చల్లగానే ఉన్నా అది తప్పు చూపించి, అలారం ఊరికే మోగేది. రోజుకు పదిసార్లు. విసుగెత్తి నర్సులు వైరు పీకేశారు. నిజంగా మోగాల్సిన రోజున వైరు లేదు." ఆయన చల్లారిన కప్పును పక్కకు నెట్టాడు. "అప్పట్నుంచీ రెండు మెషీన్లంటే నాకు భయం."

కోడలు తన లాప్‌టాప్ తెర వైపు చూసింది. ఆమె ఈ వారమంతా కూర్చుని కొత్త డిజైన్ గీసింది. అందులోనూ అలారానికి దాని థర్మామీటరు దానికే పెట్టింది. ఆస్పత్రివాళ్ళకు గర్వంగా చూపిద్దామనుకుంది కూడా. పెద్దాయన ఎప్పుడో పడ్డ గోతిలోకే తనూ సరాసరి నడుస్తోందన్నమాట. సిగ్గేసింది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు."

"అడిగాను మామయ్యగారూ. 'వద్దన్నానుగా' అన్నారు. నాకు కోపమొచ్చింది, ఆ మాటే రాసి పడేశాను. రెండోసారి అడగాల్సింది."

పెద్దాయన మెల్లగా కూర్చున్నాడు. "నేనూ మొదటిసారే చెప్పాల్సింది," అన్నాడు చివరికి.

ఆమె లాప్‌టాప్ ముందుకు లాక్కుంది. "పదిహేడో పేజీ చెరపను. మీ కారణం మాత్రం ఇవాళ్టి తేదీ వేసి కింద చేరుస్తాను. అలారం వేరే మెషీన్ మీదకే వెళ్ళాలి, అందులో మార్పు లేదు. కానీ ఉత్తినే మోగితే ఏం చెయ్యాలో ముందు తేల్చాలి. అది మీరే చెప్పాలి."

భర్తకు ప్రాణం లేచొచ్చింది. "అలాగే నాన్న పేరు తీసేసి, సంస్థ నిర్ణయించిందని రాద్దాం. ఎవరికీ నొప్పి ఉండదు."

"సంస్థంటే ఎవర్రా? ఈ కుర్చీలా?" కసిరాడు పెద్దాయన. "తప్పు నాది. పేరు ఉండనీ. వాళ్ళొచ్చాక నేనే చెప్తాను."

ఆమె ఆ పాత సంగతంతా అడిగి అడిగి రాసుకుంది. రాయడం పూర్తయ్యేసరికి పదకొండు కావస్తోంది. పెద్దాయన కుర్చీ జరుపుకుని పక్కకొచ్చి కూర్చున్నాడు.

"ఇంకో పేజీ తియ్యి. ఇకమీదట డిజైన్‌లో ఆఖరి మాట కోడలిది. నిర్ణయించింది నేను."

"అదేంటండీ, మీరుండగా?" అంది అత్తగారు.

"నేనుండగానే."

"కారణం?" అడిగింది కోడలు, తల ఎత్తకుండా.

పెద్దాయన కిటికీ వైపు తిరిగాడు. "ఎదురు చెప్తుంది. అంతే రాయి."

కళ్ళనిండా నీళ్ళు నిండి తెర మీది అక్షరాలు అలుక్కుపోయాయి. అయినా ఉన్నదున్నట్టు అంతే రాసింది.