శాంతి గది మీద మూడు దెబ్బలు

చీకటి పడ్డాక ఆ మూత పక్కనుంచి ఒంటరిగా నడిచే మనిషి ఆ షెడ్డులో లేడు. అవసరమైతే చుట్టూ తిరిగి, కంప్రెసర్ల వేడిలో చెమటలు కక్కుకుంటూ పోతారు గానీ, ఆ దారిన మాత్రం పోరు.

మూత వెనకున్నదాన్ని కార్మికులు శాంతి గది అంటారు. పేరు వింటే ఎవరో కళ్ళు మూసుకుని ధ్యానం చేసే చోటనిపిస్తుంది. కాదు. విమానం నమూనాల్ని పరీక్షించే గాలి సొరంగంలో అదొక భాగం. రెండు నిలువుల ఎత్తున్న ఉక్కు పీపా. బయట ట్యాంకుల్లో కుక్కి పెట్టిన గాలిని ఒక్కసారిగా వదిలితే అది పిచ్చెత్తినట్టు వస్తుంది. శాంతి గదిలో వరసగా బిగించిన సన్నటి జల్లెడల గుండా పోయి, కాస్త కుదురుకుంటుంది. ఆ తర్వాత ఇరుకు మూతిలోంచి దూరి, శబ్దంతో పోటీపడే వేగంతో, అవతల నిలబెట్టిన విమానం నమూనా మీదికి దూకుతుంది. అంతా కలిపి నిమిషం కూడా ఉండదు.

ఆ నిమిషంలో పీపాలో మనిషి ఉంటే...

ఉన్నాడు. ఒకసారి.

ఫిట్టరు. జల్లెడలు తుడవడానికి లోపలికి వెళ్ళాడు. ఎవరో మూత వేశారు. బోర్డు మీద పచ్చలైటు వెలిగింది. మూత పడిందన్న సంగతి పచ్చలైటుకి తెలుసు. లోపల మనిషి ఉన్నాడో లేడో దానికేం తెలుసు? ఆ రాత్రి మీట నొక్కిన ఆపరేటరు, చచ్చిపోయినవాడికి సొంత బావమరిది.

విచారణ జరిగింది. ఏసీ గదిలో కూర్చుని పెద్దలు తేల్చిన మాట ఒక్కటే — ఉద్యోగి నిర్లక్ష్యం. చచ్చినవాడు లేచొచ్చి కాదనలేడు కదా.

అప్పట్నుంచీ మొదలైందట. ప్రతి పరీక్షకీ ముందు, గాలి వదలబోయే క్షణాన, ఉక్కు మీద ఉక్కు కొట్టినట్టు... టంగ్. టంగ్. టంగ్.

మూడే. ఎప్పుడూ మూడే.

"మూత తియ్యమంటున్నాడు," అని గుసగుసలాడుకున్నారు కార్మికులు.

ఇంజనీర్లు నవ్వారు. నవ్వి, సొరంగంలో శబ్దాలు కొలిచే మైకుల తీగ మధ్యలో ఒక పెట్టె బిగించారు. సరిగ్గా ఆ మోతని మాత్రమే ఏరి పారేసే పెట్టె. కార్మికులు దానికి దెయ్యం జల్లెడ అని పేరు పెట్టారు. చదువుకున్నవాళ్ళ భూతవైద్యం అలాగే ఉంటుంది. దెయ్యం లేదంటారు, దాని నోరు మాత్రం కట్టేస్తారు.

ఇలా ఉండగా ఆ షెడ్డుకి ఒక కుర్ర ఇంజనీరమ్మ వచ్చింది.

శబ్దాలు పట్టుకోవడం ఆమె పని. ఆకాశంలో ఎగిరే విమానానికి ఎదురయ్యే గాలి నిశ్శబ్దంగా ఉంటుంది. సొరంగంలో గాలి అరుస్తుంది. ఆ అరుపు నమూనా ఒంటిని అంటుకుని పారే పల్చటి గాలిపొరని చెదరగొడుతుంది, దాంతో కొలతలన్నీ అబద్ధాలు చెబుతాయి. అందుకని సొరంగం నోరు మూయించడానికి ఆమెని తెచ్చారు. వచ్చిన వారానికే ఆమెకి నిశ్శబ్దం అని పేరు పడిపోయింది, ఎందుకంటే ఆమె నోరు మాత్రం ఎవరూ మూయించలేకపోయారు.

"నిశ్శబ్దం వస్తోంది, చెవులు మూసుకోండ్రా," అనేవాడు పానా. పెద్ద ఫిట్టరు. పానా చేతిలో లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు గనక అతని పేరు అదే అయింది.

"భయం పెత్తందారు చేతిలో కర్ర, బాబాయ్," అనేది ఆమె టీ గ్లాసు ఊపుతూ. "దెయ్యాన్ని నమ్మినంతకాలం మనం మనుషుల్ని నిలదీయం. ఆ మూడు దెబ్బలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో నేను తేలుస్తాను. దెయ్యం పోతే మిగిలేది హత్య. అప్పుడు ఆ విచారణ మళ్ళీ తెరిపిస్తాను."

"మీటింగు తర్వాత పెట్టు తల్లీ. టీ ఒలుకుతోంది."

ఆపరేటరు నవ్వేవాడు కాదు. అతను ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. తన కుడిచేతిని ఎప్పుడూ జేబులో పెట్టుకుని ఉండేవాడు, దాన్ని నలుగురికీ చూపించడం ఇష్టం లేనట్టు.

ఆమె మొండిది. ఒక్కొక్క శబ్దాన్నే వెంటాడి పట్టుకుంది. పెద్ద వాల్వు తెరుచుకునేటప్పుడు వచ్చే గర్జన దగ్గర చిల్లుల పలక అడ్డం పెట్టించింది. గోడల్లోని రంధ్రాలు పిల్లనగ్రోవిలా ఈల వేస్తుంటే వాటి మీద సన్నటి వల పరిపించింది. కిటికీ చట్రం లోతుగా ఉన్నచోట గాలి, ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు హూంకరించేది. ఆ గుంట పూడ్పించింది. గోడని రాసుకుంటూ పోయే గాలి రొద మాత్రం చావదు, నునుపు చేసి తగ్గించింది అంతే.

చివరికి ఆ మూడు దెబ్బలు మిగిలాయి.

వాటికీ ఒక కారణం దొరికింది. పరీక్షకి ముందు ట్యాంకుల నుంచి పైపులోకి కొంచెం గాలి వదులుతారు. చల్లటి పైపు ఒత్తిడికి సాగి, తన ఇనప పీట మీద కుదుపులతో జరుగుతుంది. టంగుమనదా మరి? పీట కింద జారుడు పలకలు వేయించింది. పైపుకీ, శాంతి గదికీ విడివిడిగా మైకులు అంటించింది.

పలకలు బిగిస్తూ పానా అన్నాడు: "మా కాలంలో మూత వేసేముందు పానాతో పీపాని తట్టి అడిగేవాళ్ళం, లోపల ఎవరన్నా ఉన్నారా అని. ఇప్పుడు దాని మీద చెయ్యి వేస్తే మెమో."

"ఎందుకు?"

"మైకులు సున్నితం అంట. దెబ్బ తగిలితే కొలతలు తప్పుతాయంట. డైరెక్టరు సారు ఆపించేశారు. ఆపించిన రెండో నెలలోనే..." అతను మిగతాది మింగేశాడు.

మైకు చెవి నొప్పెడుతుందని మనిషిని పిలవడం మానేశారన్నమాట! ఆమె ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ మైకులు ఇప్పుడు ఆమెవి.

"అది ఘోరం బాబాయ్. నేను సారుతో మాట్లాడతాను. ఈ ఒక్క పరీక్షా అయిపోనీ."

పానా ఇంకో బోల్టు అందుకున్నాడు. ఆమె తల తిప్పుకుని వేరే మాట ఎత్తుకుంది — మూడో జల్లెడ చట్రానికి టేపు ముక్క ఏదో అంటుకుని రెపరెపలాడుతున్నట్టుంది, రికార్డింగులో వినపడుతోంది, రేపెప్పుడైనా చూడాలి అని.

ఆ రాత్రే పరీక్ష. కంప్రెసర్లు తినే కరెంటుకి ఊళ్ళో మిల్లులు ఆగిపోతాయని వాళ్ళకి పగలు అనుమతి ఉండదు. షెడ్డంతా ఖాళీ చేయించి బయట తాళం వేశారు. షెడ్డు బయట, మీటా బోర్డూ ఉన్న అద్దాల గదిలో ముగ్గురు — డైరెక్టరు, ఆపరేటరు, ఆమె.

"పానా బాబాయ్ కనపడలేదే?"

"డ్యూటీ దిగి ఉంటాడు," అన్నాడు ఆపరేటరు.

పచ్చలైటు వెలిగింది.

ఆమె దెయ్యం జల్లెడ తీగ పీకేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఇవాళ ఏమీ వడకట్టదు. ఉన్నదున్నట్టు వింటుంది.

"పైపులోకి గాలి," అన్నాడు డైరెక్టరు.

స్స్‌స్... పైపు నిండుతోంది. ఆమె రెండు మైకుల కొలత ముళ్ళనీ చూస్తోంది. పైపు మైకు ముల్లు కదల్లేదు. పైపు తన పీట మీద వెన్నలా జారుతోంది.

నిశ్శబ్దం.

"చూశావా అన్నా?" ఆపరేటరు వైపు తిరిగిన ఆమె మొహం వెలిగిపోయింది. "దెయ్యమూ లేదు, భూతమూ లేదు. పైపే! ఇన్నాళ్ళూ—"

టంగ్.

టంగ్.

టంగ్.

ఆమె నోరు తెరుచుకునే ఉండిపోయింది. పైపు ముల్లు అలాగే పడుంది. శాంతి గది ముల్లు మాత్రం ఎగిరెగిరి పడుతోంది.

"ఏమైంది?" అన్నాడు డైరెక్టరు.

"వచ్చాయి సార్. మూడూ... పైపు నుంచి కాదు."

"తర్వాత చూసుకుందాం. ట్యాంకులు నిండి ఉన్నాయి. కానివ్వండి."

ఆపరేటరు జేబులోంచి కుడిచెయ్యి తీశాడు. మీట మీద పెట్టాడు.

అప్పుడు... ఆమె చెవుల్లో... చాలా సన్నగా —

టక్... టక్.

ఉక్కు మీద ఉక్కు కాదు ఇది. బోలుగా, నీరసంగా, గోడకి అవతల్నుంచి వచ్చినట్టు.

"అన్నా..." ఆమె హెడ్‌ఫోన్లని చెవులకి అదుముకుంది. "ఇవాళ... ఇంకా వచ్చాయి."

"ఏమిటి?"

"మూడు అయ్యాక, ఆగి... ఇంకో రెండు."

ఆపరేటరు మొహంలో నెత్తురు చుక్క లేదు. "రెండా? సరిగ్గా విన్నారా?"

"రెండే. మెల్లగా. లోపల్నుంచి."

అతను మీట మీంచి చెయ్యి తీసేశాడు.

"లోపల మనిషి ఉన్నాడు," అన్నాడు.

"ప్రతిధ్వని అది!" డైరెక్టరు కుర్చీలోంచి లేచాడు. "నీ బావ పోయి ఎన్నేళ్ళయిందయ్యా? నొక్కు!"

"బావ కాదు సార్. బతికున్న మనిషి." అతను గుసగుసలాడుతున్నట్టే చెప్పాడు. "మూడు కొడితే, ఎవరన్నా ఉన్నారా అని. లోపలున్నవాడు రెండు కొట్టాలి... ఉన్నాను అని. ఇది పాత లెక్క. మీరు మాన్పించిన లెక్క."

డైరెక్టరు మీట వైపు చెయ్యి చాపాడు. నిశ్శబ్దం ఆ చెయ్యి పట్టుకుంది. మాట్లాడలేదు, అరవలేదు, ఇన్నాళ్ళూ నోటికొచ్చిన నినాదాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది అంతే. ఈలోగా ఆపరేటరు బోర్డు పనిచేయకుండా దాని తాళంచెవి లాగేసి, పిడికిట్లో బిగించి, తలుపు వైపు పరిగెత్తాడు.

పైపులోని గాలి బయటికి వదిలేసి, షెడ్డు తాళం తీసి, మూత బోల్టులు విప్పేసరికి ఆపరేటరు చేతులూ, ఆమె చేతులూ దోక్కుపోయాయి. లోపల చీకటి. మొదటి జల్లెడ చిన్న తలుపు. రెండోది.

మూడో జల్లెడ వెనక, నిచ్చెన పక్కన, పానా పడున్నాడు. నుదుటి మీద నెత్తురు గడ్డకట్టింది. ఒక చేతిలో టార్చి. రెండో పిడికిట్లో చిన్న టేపు ముక్క.

"ఇదుగో తల్లీ," అన్నాడు ఆమెని చూసి. "నీ రెపరెప. పరీక్షకి ముందే తీసేద్దామనుకున్నా."

ఆమె అతని పక్కన కూర్చుని ఆ టేపు ముక్క అందుకుంది.

కొత్త షిఫ్టువాడు ఎవడో తెరిచున్న మూత చూసి వేసేసి ఉంటాడు. ఆ చప్పుడుకి ఉలిక్కిపడి నిచ్చెన మీంచి జారాను, తల తగిలింది, ఆ తర్వాత ఏమీ తెలీదు, అన్నాడు పానా. ఆపరేటరు అతన్ని ఒడిలో పడుకోబెట్టుకున్నాడు.

"బాగా మత్తుగా ఉంది. పోయాననే అనుకున్నా. ఇంతలో ఎవరో పానాతో గట్టిగా తట్టారు. మూడు! మెలకువ వచ్చేసింది. పాత అలవాటు కదా, టార్చితో రెండు కొట్టా." అతను నెత్తురు మొహంతోనే నవ్వాడు. "ఇంతకీ ఎవర్రా తట్టింది? మెమో ఇస్తారని భయం లేదూ?"



ఆ దెబ్బలు పడ్డప్పుడు షెడ్డుకి బయట తాళం. లోపల ఈ పీపా. అద్దాల గదిలో ముగ్గురు.

"ఏంట్రా, చెప్పరేం?"

ఆపరేటరు తలెత్తి, తెరిచున్న మూత వైపు చూశాడు.

"మూత తియ్యమని కాదు మేడమ్," అన్నాడు. "ఇన్నేళ్ళూ... మనం అడగాల్సింది బావ అడుగుతున్నాడు. మనమేమో జల్లెడ పెట్టి పారబోశాం."

దెయ్యం జల్లెడని ఆమె ఆ తెల్లవారే సుత్తితో పగలగొట్టింది. దానికి మెమో వచ్చింది. పాత విచారణ తెరవమని పట్టుబట్టినందుకు ఇంకోటి వచ్చింది. రెండూ తన గది తలుపుకి, వచ్చేపోయేవాళ్ళకి కనపడేటట్టు అంటించుకుంది. మైకులు పాడైతే పాడవనీ, తట్టకుండా మూత పడితే మీట నొక్కేది లేదని కార్మికులందరూ ఒక్క మాట మీద నిలబడ్డారు. డైరెక్టరు దిగొచ్చాడు.

తర్వాతి పరీక్ష రాత్రి అందరూ శాంతి గది ముందు చేరారు. నుదుటికి కట్టుతో పానా కూడా వచ్చాడు. లోపల ఎవరూ లేరని దీపం పట్టి చూశారు. మూత వేశారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరూ బయటే ఉన్నారు.

పానా తన చేతిలోది ఆపరేటరుకి ఇచ్చాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ కుడిచెయ్యి నలుగురిలో పైకి లేచింది.

టంగ్. టంగ్. టంగ్.

చెవి ఉక్కుకి ఆనించాడు. ఎవరూ ఊపిరి తియ్యలేదు. లోపలంతా చీకటి, ఖాళీ, చల్లదనం...

టక్... టక్.

అందరూ విన్నారు. ఎవరూ పరిగెత్తలేదు. డైరెక్టరు ఏదో అనబోయి మానుకున్నాడు. లెక్క లెక్కే — రెండు వినపడితే మూత తీయాలి. ఆపరేటరు ఒక్కొక్క బోల్టే విప్పాడు. మూత తెరిచి, తల లోపలికి పెట్టాడు. ఎవరూ లేరు.

"బావా," అన్నాడు మెల్లగా. "పని అయిపోయింది. ఇంటికి పోదాం, రా."

పక్కకి తప్పుకుని నిలబడ్డాడు. ఒక మనిషి నిచ్చెన దిగి బయటికి రావడానికి ఎంతసేపు పడుతుందో, అంతసేపూ ఆ మూత తెరిచే ఉంచాడు.