వెనక స్టూడియోలో తిరిగి మాట్లాడే గొంతు

ఆ రేడియో స్టేషన్లో వెనక స్టూడియోకి పేరు మంచిది కాదు. వీధి పాటలూ, పాత ఇళ్ళ చరిత్రలూ సేకరించి వినిపించిన పెద్దాయన ఆ కుర్చీలోనే, హెడ్‌ఫోన్లు తలకి ఉండగానే పోయాడట. అప్పట్నుంచి చీకటి పడ్డాక అక్కడ మాట్లాడితే... ఎవరో తిరిగి మాట్లాడతారని చెప్పుకుంటారు. వాచ్‌మన్ అయితే చంపినా గుమ్మం దాటడు.

అలాంటి గదిలోకి, అతను టీకి వెళ్ళిన అదును చూసుకుని, రాత్రి తొమ్మిదింటికి ఓ ఇంటి పెద్దకోడలు ఒక్కతే దూరింది. ఎందుకంటారా? కడుపుమంట! దాని ముందు దెయ్యం ఏపాటిది?

పదమూడేళ్ళుగా ఆదివారం ఊరి చరిత్ర చెప్పే గంట ఆవిడదే. "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావే" అని తోటికోడల్ని చెయ్యి పట్టుకుని రేడియోకి తీసుకొచ్చిందీ ఆవిడే. తీరా చూస్తే ఆ చిన్నకోడలు, చేరి ఏడాదైనా కాకుండానే, ఎవరడిగినా నోరు విప్పని నాటకాల ముసలి పాటగాడి చేత గంటసేపు పాడించుకొచ్చింది. మేనేజరు మురిసిపోయి ఈ ఆదివారం గంట దానికిచ్చేశాడు. తెల్లారితే ఆదివారమే. ఆ రికార్డింగు మాయమైతే గంట మళ్ళీ తనది.

లైటు వెయ్యలేదు. బయటెక్కడో సన్నగా పాట. స్టూడియో స్పీకరు మాత్రం మూగగా ఉంది. ఆవిడ అదేం పట్టించుకోలేదు — కళ్ళకి కంప్యూటర్లో ఆ ఫైలొక్కటే కనిపిస్తోంది.

"అబ్బో, పెద్ద ఘనకార్యం చేసిందట!" అని గొణిగింది. "తీసుకొచ్చిన నా కుర్చీకే ఎసరు పెడుతుందా? చెరిపేస్తా... పీడా పోతుంది."

మౌస్ మీద వేలు పెట్టింది.

అప్పుడు... చీకటి వరండాలోంచి...

"...నా కుర్చీకే ఎసరు పెడుతుందా? చెరిపేస్తా..."

బొంగురుగా, విషం కక్కుతున్న ఆడగొంతు!

"ఎ... ఎవరది?"

ఒకటి... రెండు... మూడు... నాలుగు...

"ఎ... ఎవరది?"

చేతులు వాటంతటవే జోడయ్యాయి. "తప్పయిపోయింది తల్లీ! దాని గొంతు నాకంటే బాగుంటుంది... అందరూ దాన్నే మెచ్చుకుంటుంటే చూడలేకపోయాను. చెరపను, ఒట్టు!"

ఫోను మోగింది. కంగారులో ఫోను స్పీకరు కూడా నొక్కుకుపోయింది.

"అక్కా..." చిన్నకోడలు గుసగుసగా అంది. "మైకు తెరిచే ఉంది. సాయంత్రం కట్టెయ్యడం నేనే మర్చిపోయాను. పాటల మీద నీ మాటలు... అందరూ వింటున్నారు."

మైకు తెరిచి ఉంటే స్టూడియో స్పీకరు దానంతటదే ఆగిపోతుంది. కొత్తవాళ్ళకి మొదటిరోజు ఆవిడే చెప్పే పాఠమది. వరండాలో మాట్లాడింది వాచ్‌మన్ స్టూలు మీది రేడియో. మాట గాల్లోకెళ్ళి అందులోంచి రావడానికి నాలుగు సెకన్లు పడుతుంది. పదమూడేళ్ళూ తేనె పూసిన తన గొంతే విన్న మనిషికి, ఆ గొంతు కూడా తనదేనని తోచలేదు పాపం.

"పోనీలే అక్కా, రేపటి గంట నువ్వే చెయ్యి. ఆ పాటలూ నువ్వే వినిపించు. నువ్వు లేకపోతే నాకీ రేడియో ఎక్కడిది?"

పెద్దకోడలు మైకు కట్టేసింది. అప్పటికే ఆలస్యమైపోయింది. వరండాలోంచి, ఫోన్లో చిన్నకోడలు అన్న ఆ మాటలే, ఊరంతటికీ, ఎంతో తియ్యగా వినిపించాయి.

"చూశావా," అని పళ్ళు కొరికింది పెద్దకోడలు, "ఇప్పుడు మంచిదన్న పేరు కూడా దానికే!"