కింద అంకెలు కూడకూడదండీ!

శుక్రవారం సెలవని బయటికొచ్చిన వాళ్ళందరినీ అకాల వాన నయీమ్ పేటలోని ఒకే టీ కొట్టులోకి తోసేసింది.

కిషన్ అప్పటికే అక్కడ లెక్కల పుస్తకంతో కుస్తీ పడుతున్నాడు. జగిత్యాల నుంచి గల్ఫ్‌కొచ్చిన కుర్రాడు, ఏసీలు బిగించే పని. ఓపెన్ స్కూల్లో పది పాసైతే సూపర్‌వైజర్ని చేస్తామన్నారు కంపెనీ వాళ్ళు. ఒక్క లెక్కలే మొండికేశాయి.

పక్కన చున్నీ పిండుకుంటున్న అమ్మాయి కిసుక్కున నవ్వింది.

"నవ్వుడెందుకు?"

"ఎక్స్ బై రెండు, ఎక్స్ బై మూడు. పైవి పైవి, కిందవి కిందవి కూడేశారు కదండీ! అలా కూడకూడదండీ."

"నీకొస్తదా?"

"ఆయ్! ఇంటర్ ఎంపీసీ అండి."

ఆమె పేరు సత్యదుర్గ. అమలాపురం దగ్గర పల్లె. జుఫైర్‌లో ఒకరింట్లో పిల్లల్ని చూసుకుంటుంది. అడక్కుండానే పెన్సిల్ లాక్కుంది.

"ఈ రెండూ కలిస్తే పది. కింద రెండు, మూడు పోవాలంటే అన్నిటినీ ఆరుతో గుణించండి."

"మూడు ఎక్స్, రెండు ఎక్స్... ఐదు ఎక్స్ ఈక్వల్ టు పది. ఎక్స్ రెండు. ఖలాస్!"

"ఏం ఖలాస్? ఆ పదినెవరు గుణిస్తారు?"

"గది అవుతల ఉన్నది గదా!"

"అవతలుంటే వదిలేస్తారా? అరవై చెయ్యండి. ఇప్పుడు ఎక్స్ ఎంత?"

"పన్నెండు."

"దాన్లో సగం ఆరు, మూడో వంతు నాలుగు. పది వచ్చిందా?"

వచ్చింది. దాంతోపాటు కిషన్‌కి ఇంకేదో కూడా వచ్చింది. అప్పట్నుంచి శుక్రవారాలన్నీ భిన్నాలే. అతను తప్పు చేయడం, ఆమె చివాట్లు పెట్టడం.

ఒకరోజు దుర్గ కాస్త ముందే వచ్చింది. లోపల కిషన్ తన రూమ్మేట్ గంగన్నకు పాఠం చెబుతున్నాడు.

"అవుతలిది గూడ గుణించాలె అన్నా. గిది అల్కటి లెక్క, సులువుగ అయితది!"

దుర్గ మొహం ఎర్రబడింది. "వారానికొక్క సెలవండి నాకు. అదీ మీకే ఇచ్చాను. వచ్చినవే రానట్టు నటించి, నన్ను ఆట పట్టిస్తున్నారా?"

అతను లేచేలోపే వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఫోనూ ఎత్తలేదు.

పరీక్ష రోజున ఈసా టౌన్‌లో, పరీక్ష జరిగే స్కూలు గేటు దగ్గర దుర్గ నిలబడి ఉంది! కిషన్ పరుగున వెళ్ళాడు.

"దుర్గా, లెక్కలొచ్చినయంటే నువ్వు రావేమోనని భయపడ్డ. నువ్వంటే నాకు పాణం. అంతే."

ఆమె గేటు వైపు చెయ్యి చూపింది. "ముందెళ్ళి రాసి రండి. ఇక్కడే ఉంటాను."

పాసయ్యాడు. ఆ శుక్రవారం దుర్గ ఊరికి ఫోన్ కలిపి, తల్లి సత్యకుమారితో అంతా చెప్పి, స్పీకర్ నొక్కి అతని చేతిలో పెట్టింది.

"లెక్కలు మా అమ్మాయే చెప్పిందంట కదా బాబూ. ఓపిగ్గా చెప్పిందా, తిట్టిందా?"

"బాగ తిట్టిందమ్మా."

"అయితే మీ పెద్దోళ్ళని మాటాడమను. ఇష్టం లేనోళ్ళని అది పల్లెత్తు మాట కూడా అనదు."

దుర్గ గబుక్కున మొహం తిప్పేసుకుంది.

"అట్లనే అత్తమ్మా!" అన్నాడు కిషన్.