అమ్మమ్మ నాలుక

"ఉప్పు సరిపోయిందా, ఎలిషెవా?" అని అమ్మమ్మ అడిగేసరికి ఎలిషెవా నోటినిండా మాంసం ఉండ ఉంది. మాట రాక తల ఊపింది.

శుక్రవారం మధ్యాహ్నం. పొద్దుగూకితే పొయ్యి వెలిగించకూడని విశ్రాంతి దినం సబ్బాతు మొదలవుతుంది, ఆలోపు వంటంతా అయిపోవాలి. యెరూషలేములోని ఆ ఇరుకు వీధిలో ప్రతి కిటికీలోంచీ వేగిన ఉల్లిపాయల వాసన వస్తోంది. అమ్మమ్మ పొయ్యి మీద టమాటా పులుసులో మాంసం ఉండలు కుతకుత ఉడుకుతున్నాయి.

పోయిన చలికాలంలో జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి అమ్మమ్మ నాలుకకు రుచి తెలియడం లేదు. ఒకసారి పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. వచ్చిన చుట్టాలు ఏమీ అనలేదు గాని, మంచినీళ్ల జగ్గు మూడుసార్లు నింపాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి ఏది వండినా అమ్మమ్మ మనవరాలినే పిలిచేది. "ఇక నా నాలుక నువ్వేనే" అనేది. పదేళ్ల ఎలిషెవాకు ఆ మాట వింటే ఎంతో గొప్పగా ఉండేది.

ఏది తినాలన్నా ముందు దేవునికి స్తుతి చెప్పాలి. అయితే, ఉప్పూ కారం సరిచూడటానికి రవ్వంత నోట్లో వేసుకుంటే అది తినడం కిందికి రాదనీ, దానికి స్తుతి అక్కర్లేదనీ మొన్ననే టీచర్ చెప్పింది. ఆ పాఠం ఎలిషెవాకు తెగ నచ్చింది. అమ్మమ్మ అటు తిరిగి క్యారెట్లు తరుగుతుంటే గరిటెతో ఒక ఉండ తీసింది. రుచే కదా చూస్తున్నాను అనుకుంది. తర్వాత రెండోది. మూడోది ఊదుకుని మరీ తింది. అమ్మమ్మ అడిగినప్పుడు నోట్లో ఉన్నది ఐదోది.

అమ్మమ్మ నమ్మింది. గిన్నెనిండా ఉండలు సర్ది, పై అంతస్తులో ఉండే బత్యా ఆంటీకి ఇచ్చి రమ్మంది. ఆంటీకి బాబు పుట్టి నాలుగు రోజులే అయింది, ఇంట్లో వండేవాళ్లు లేరు.

మెట్లెక్కుతుంటే ఎలిషెవాకు అనుమానం వచ్చింది. నిజంగా ఉప్పు ఉందా? ఎంత గుర్తు చేసుకున్నా ఉప్పు గుర్తుకు రాలేదు. నాలుక కాలడం గుర్తుంది, మెత్తగా ఉండటం గుర్తుంది, అంతే. మెట్టు మీద కూర్చుని మూత తీసి, వేలికొసతో పులుసు నాలుకకు అద్దుకుంది. చప్పగా ఉంది. ఉప్పు అసలు పడనే లేదు.

పైన తలుపు వెనక పసివాడు ఏడుస్తున్నాడు. ఇచ్చేసి వచ్చినా ఆంటీ ఏమీ అనదు. బాగుందనే చెబుతుంది. కాని అమ్మమ్మకు వంట చేతకావడం లేదని మనసులో అనుకుంటుంది.

ఎలిషెవా వెనక్కి దిగింది.

"ఏమే, వాళ్లు తలుపు తియ్యలేదా?" అంది అమ్మమ్మ.

"ఉప్పు లేదు అమ్మమ్మా. నేను చూడలేదు."

"నోట్లో పెట్టుకునే తల ఊపావుగా."

"అది చూడటం కాదు. తిన్నాను. ఐదు తిన్నాను. స్తుతి కూడా చెప్పలేదు."

అమ్మమ్మ కత్తి పక్కన పెట్టింది. "నా నాలుకే నాకు అబద్ధం చెబితే, ఇంకెవర్ని అడగనే నేను?" అంది మెల్లగా. తిట్టినా అంత బాధ అనిపించేది కాదు ఎలిషెవాకు.

గిన్నెలోది మళ్లీ పొయ్యి మీది పులుసులో పోసి, ఎలిషెవా చిటికెడు ఉప్పు వేసి కలిపింది. అర చెంచా నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. చాల్లేదు. ఇంకో చిటికెడు వేసింది. ఈసారి టమాటా పులుపూ, మిరియాల ఘాటూ, ఉప్పూ దేనికది విడిగా తెలిశాయి.

"ఇప్పుడు సరిపోయింది."

"నిజంగానా?"

"నిజంగా."

అమ్మమ్మ గిన్నె మళ్లీ నింపింది. ఒక ఉండ మాత్రం ప్లేటులో వేసి మనవరాలి ముందు పెట్టింది. బడి నుంచి వచ్చినప్పటి నుంచి ఆకలితోనే ఉన్నావు కదా, ఆ మాట ముందే చెబితే పెట్టేదాన్ని కదా అంది.

ఎలిషెవా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒక్క అక్షరం మింగకుండా స్తుతి చెప్పింది. "లోకానికి రాజువైన మా దేవా, నీకు స్తుతి. నీ మాట వల్లే సమస్తమూ కలిగింది."

"ఆమేన్" అంది అమ్మమ్మ.

ఎలిషెవా ఆ ఒక్క ఉండనూ నాలుగు ముక్కలు చేసుకుని నిదానంగా తింది. చేతులు కడుక్కుని, వేడి గిన్నెను గుడ్డతో పట్టుకుని పైకి వెళ్లి, బత్యా ఆంటీ తలుపు తట్టింది.