వాలుగ యువరాజుకు తోడు చేప

పిల్లలూ, ఏడు కొండల అవతల మణిసాగరమనే రాజ్యం ఉండేది. దానికి వచ్చిన కష్టం పగవాడికి కూడా రాకూడదు. యువరాజు జయధరుడు వేటకు పోయి, ఒక ముని మడుగులోని చేపలను సరదాకి బాణాలతో చంపాడు. "నువ్వూ చేపవైపో! నీ పక్కన మరో చేప పున్నమి నుంచి పున్నమి దాకా భయం లేకుండా బతికితేనే మళ్లీ మనిషివవుతావు" అని ముని శపించాడు. యువరాజు మనిషంత వాలుగ చేపైపోయాడు. రాజు అతణ్ణి కోటలోని స్ఫటికపు తొట్టిలో ఉంచి, దిగులుతో మంచం పట్టాడు.

చెల్లెలు కువలయకు తొందర జాస్తి. "తోడు కావాలి, అంతేగా!" అంటూ బెస్తపేట పిల్లలు కుండల్లో ముద్దుగా పెంచుకుంటున్న రంగురంగుల చేపలను తెచ్చి తొట్టిలో వదిలింది. భద్రంగా తిరిగి ఇస్తానని మాట కూడా ఇచ్చింది. తెల్లారేసరికి ఒక్కటీ మిగల్లేదు. వాలుగ నోటి ముందు వేలెడంత చేప తోడవుతుందా, ఫలహారమవుతుంది గాని!

పిల్లలు వచ్చి అడిగితే, "చలికి చచ్చిపోయాయి" అని బొంకింది.

"కాస్త వెచ్చని నీళ్లు పోయించకపోయారా అమ్మా? మా బంగారి నాకోసం వెతుక్కుందేమో!" అని పోలి అనే చిన్నది వెక్కివెక్కి ఏడ్చింది.

కువలయకు తల కొట్టేసినట్లయింది. ఎవరి మొహమూ చూడలేక ఆ రోజే గుర్రమెక్కి అడవిదారి పట్టింది.

ఏటి ఒడ్డున ఒక ముసలి తాబేలు ఆమె గోడు విని నవ్వింది. "పిచ్చిదానా, నోట్లో పట్టేది తోడెలా అవుతుంది? ఎర్రకొండ మడుగుకు పో. అక్కడ పెద్దవి దొరుకుతాయి. పెద్దదైతే చాలనుకునేవు సుమా!"

ఆ మడుగుకు ఒక రాక్షసి కాపలా. "మూడు చేపలున్నాయి, ఒకటి కోరుకో. తప్పు కోరుకున్నావో, నిన్ను నంజుకుంటా!" అంది. ఒకటి మరో వాలుగ. ఒకటి పక్కనే ఉప్పునీటి గుంటలో వెండిలా మెరిసే సముద్రపు చేప. మూడోది మేకపిల్లంత బొచ్చె.

కువలయ ఈసారి తొందరపడలేదు. "రెండు వాలుగలు ఒకే కలుగు కోసం చీల్చుకుంటాయి. ఉప్పునీటి చేప మంచినీళ్లలో బతకదు. మా అన్న అడుగున పడుకుంటాడు, బొచ్చె పైపైన తిరుగుతుంది. ఒకరి జోలికి ఒకరు పోరు. నాకు బొచ్చె కావాలి."

"భలే! మరి ముందు తెచ్చిన చేపలేమయ్యాయే?"

"చలికి..." అనబోయింది. మడుగులో నీళ్లు గిర్రున కిందికి జారాయి. బొచ్చె బురదలో తన్నుకోసాగింది. కువలయ భోరుమంది. "కాదు! నా తెలివితక్కువతనం వల్ల మా అన్న నోట్లో పడ్డాయి. సిగ్గేసి అబద్ధమాడాను."

నీళ్లు మళ్లీ నిండాయి. రాక్షసి బొచ్చెను గంగాళంలో పెట్టుకుని, తానే మోసి అడవి దాటించింది.

కువలయ కోటకు పోకుండా ముందు బెస్తపేటకు పోయి, తల వంచుకుని నిజం చెప్పింది. పోలి ఖాళీ కుండను ఒళ్లోకి లాక్కుంది. "ఇంకెప్పుడూ నా చేపను మీకివ్వను" అని మాత్రం అంది. కువలయ సరేనంది.

తొట్టి చాలదని కోటలో కొలను తవ్వించి, రెండు చేపలనూ అందులో వదిలారు. పున్నమి తిరిగి వచ్చేసరికి జయధరుడు మనిషై ఒడ్డెక్కాడు. మంచాన ఉన్న రాజు కొడుక్కి పట్టం కడతానన్నాడు, ఊరంతా పండగ చేసుకుంది. జయధరుడు మాత్రం మొహం కప్పుకున్నాడు.

"చెల్లీ, ఆ పిల్లచేపలను తింటున్నప్పుడు నాకు తెలుస్తూనే ఉంది. ఆపుకోలేకపోయాను."

"సిగ్గుగానే ఉంటుందన్నయ్యా. అయినా పద, నేను తోడొస్తా."

పట్టాభిషేకం బట్టలతోనే అతను పోలి గుడిసె ముందు నిలబడి జరిగింది చెప్పాడు. పోలి అతణ్ణి కిందికీ పైకీ చూసింది.

"అంత ఆకలేసిందా?"

"వేసింది తల్లీ."

పోలి లోపలికి పోయి ముంతలో అంబలి తెచ్చింది. కాబోయే రాజు నేల మీద కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ అదంతా తాగాడు. ముంత కడిగిచ్చి, ఆ తరువాతే వెళ్లి సింహాసనం ఎక్కాడు.